తలుపు వెనక మునసబు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్లుంటాయేమో, మా లంక ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. మా తాతయ్య ఆ ఊరి మునసబు. అమ్మా నాన్నా లేని నన్ను మామ్మే పెంచేది. గాలి తిరిగిన పొద్దున తాతయ్య నగల పెట్టె పట్టుకుని, ఊరి వెట్టివాడి చేత పడవ తోయించుకుని, ద్రాక్షారామంలో అక్కగారింటికి వెళ్లిపోయాడు. మమ్మల్ని రమ్మనలేదు.

నీరు తీసేసరికి ఊళ్లో సగం ఇళ్లు లేవు. బావుల నిండా ఉప్పునీరు. ఎక్కడ చూసినా చచ్చిన పశువులు. బతికినవాళ్లంతా మా అరుగు ముందుకొచ్చి నిలబడ్డారు. మునసబు పారిపోయాడని తెలిస్తే ఇక ఎవరూ ఎవరి మాటా వినరని మామ్మకు అర్థమైంది. గుమ్మంలోకి వచ్చి, "ఆయనకి జ్వరమండీ, గొంతు పెగలట్లేదు. మీరేమడిగినా నేను లోపలికి చెబుతాను. సరేననుకుంటే కర్రతో ఒకసారి కొడతారు" అంది. ఆ కర్ర నా చేతిలో పెట్టి, తలుపు వెనక మంచం మీద కూర్చోబెట్టింది.

పది రోజులు అలా ఊరిని ఏలాం. మామ్మ తల ఊపితే నేను కర్రతో నేలను కొట్టేదాన్ని. పశువులను పూడ్చారు. బావులు తోడారు. మా గాదెలో తడవకుండా మిగిలిన ధాన్యం ఇంటింటికీ వెళ్లింది. అవతల నుంచి "ఆయ్, చిత్తమండీ" అని పెద్ద పెద్ద గొంతులు వినిపిస్తే నాకు నవ్వొచ్చేది. మామ్మ కళ్లతోనే గదిమేది.

నాలుగో రోజున వెట్టివాడొచ్చాడు. తాతయ్యను ద్రాక్షారామంలో దింపి వచ్చింది తనే కనుక, ఆయన లోపల లేడని అతనికి తెలుసు. అయినా తలుపు వైపే చూస్తూ చెప్పాడు.

"ఊరవతల మా పేటలో నడుంలోతు నీళ్లండి. పిల్లలకి వాంతులండి. పొద్దున్న ఇద్దరు పోయేరు. గట్టు తెంపితేగానీ ఈ నీళ్లు పోవండి."

గట్టుకు అవతల పెద్ద రైతుల కొబ్బరితోటలు. ఉప్పునీరు వాటి మీదుగానే పోయి కాలవలో కలవాలి. మామ్మ ఒకసారి ఆ తోటల వైపు చూసింది. తర్వాత తల ఊపింది. నేను కొట్టాను. సాయంత్రానికి అతను గట్టు తెంపాడు. పేట ఊపిరి పీల్చుకుంది.

పదకొండో నాడు తాతయ్య పెరటి దారిన ఇల్లు చేరాడు. మర్నాడు తహసీల్దారు వచ్చి, మంచాన పడి కూడా ఊరిని నిలబెట్టావని మెచ్చుకుని శాలువా కప్పాడు. తాతయ్య వంగి కప్పించుకున్నాడు. అప్పుడు పెద్ద రైతులు ముందుకొచ్చారు. లేత కొబ్బరి మొక్కలన్నీ ఉప్పుకు మాడిపోయాయని, గట్టు ఎవరు తెంపమన్నారని నిలదీశారు.

"నేను చెప్పలేదండి. ఆడే సొంతంగా తెంపేసేడు" అన్నాడు తాతయ్య.

వెట్టివాడు ఒక్కసారి మా తలుపు వైపు చూశాడు. నేను నోరు తెరవబోతే మామ్మ చేత్తో మూసేసింది. ఆ చెయ్యి తియ్యలేదు. అతను చేతులు కట్టుకుని తల వంచాడు. అందరి ముందూ బెత్తంతో కొట్టించి, కొలువులోంచి తీసేసి, పెళ్లాం పిల్లలతో సహా ఊరు దాటించారు.

ఎందుకు చెప్పలేదని తర్వాత మామ్మనడిగాను. "చెబితే తాతయ్య పరువేం కాను? ఊరు నిలబడింది కదా తల్లీ" అంది, నా మొహంలోకి చూడకుండా.

నిలబడింది, నిజమే. ఇప్పుడు మామ్మా లేదు, తాతయ్యా లేడు. నన్ను ఆపేవాళ్లెవరూ లేరు. అయినా మా ఇంట్లోవాళ్లు తాతయ్య గొప్పతనం చెప్పుకుని మురిసిపోయినప్పుడల్లా నేను వింటూనే కూర్చున్నాను. ఆ మనిషి ఏ ఊరు చేరాడో, ఆ పిల్లలేమయ్యారో ఎవరూ వాకబు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఆ రోజు నాకబ్బిన చదువు ఊరుకోవడం. దాన్ని ముసలిదాన్నయ్యేదాకా మరిచిపోలేదు.