నాది సింథటిక్

క్లచ్ మాస్టారి కారు కింద కారిన ఆయిల్ మీద ఒక పోస్ట్‌మాన్ సైకిలుతో సహా జారి, పెడలు తొక్కకుండానే నాలుగు వీధుల ఉత్తరాలూ పంచేసి ఇంటికి చేరుకున్నాడు. సరే, నాలుగు వీధులంటే కాస్త ఎక్కువే. పోస్ట్‌మాన్ జారడం కూడా ఎవరూ కళ్ళారా చూడలేదు. ఆయిల్ కారిన మాట మాత్రం నిజం. పళ్ళెమంత నల్లటి మరక, కొత్తగా పరిచిన తెల్లరాళ్ళ మీద.

మాస్టారిది కారు నడపడం నేర్పే వృత్తి. పక్క సీటు దగ్గర కూడా క్లచ్చూ బ్రేకూ ఉన్న పాత కారు ఆయనది. అది తిరిగిన దూరానికి మీటరే విసుగెత్తి ఆగిపోయింది. ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా మొదటి పాఠం స్టీరింగు కాదు, "ముందు వంగి చూడు" అనేదే. కింద కుక్కపిల్ల నిద్రపోతుండొచ్చు, టైరు కింద మేకు ఉండొచ్చు, ఏదైనా కారుతుండొచ్చు. బండి తన బాధ నోటితో చెప్పదని, చంటిపిల్లలా కింది నుంచే చెబుతుందని ఆయన అనేవారు. చూసి గాని తలుపు తీయనిచ్చేవారు కాదు. పొట్ట అడ్డం పడుతోందని తాను వంగడం మాత్రం ఎప్పుడో మానేశారు.

ఆ కారుకు మామూలు ఇంజనాయిల్ బదులు ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోద్దామన్నది ఆయన బావమరిది, మెకానిక్.

"హాయిగా నడుస్తుంది బావా. కాకపోతే ఇంజను ముసలిది. రబ్బరు సీళ్ళు గట్టిపడి చిట్లి ఉంటాయి, ఇన్నాళ్ళ మడ్డే వాటి సందులు మూసి కాపాడుతోంది. కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేస్తే కారొచ్చు. కొన్నాళ్ళు కింద అట్ట వేసి చూస్తుండు. చుక్క పడితే తీసుకొచ్చెయ్, సీళ్ళు మారుస్తాను."

మాస్టారి చెవిలో "హాయిగా నడుస్తుంది" వరకే పడింది. ఆ వారమంతా కనబడ్డవాళ్ళనల్లా ఆపి, ఇంజను ఆన్‌లో ఉందో లేదో బానెట్ మీద చెయ్యి వేస్తేగాని తెలియడం లేదని చెప్పారు. ఆయన కారు పెట్టే ఆవరణలో ఉన్న ఇళ్ళవాళ్ళందరికీ ఆ సింథటిక్ కథ కంఠతా వచ్చింది. వాళ్ళందరినీ వెంటపడి ఒప్పించి ఆ తెల్లరాళ్ళు పరిపించింది కూడా ఆయనే.

ఒక ఉదయం కారు ముందుకు తీసేసరికి అద్దంలో మరక కనబడింది. దిగి చూశారు. చుట్టూ చూశారు, ఎవరూ లేరు. పాఠం ముగించుకుని వచ్చాక కారును రోజూ పెట్టే చోట కాకుండా ఒక మూర ఇవతలగా పెట్టారు. ఇప్పుడు మరక కారుకన్నా పక్కనున్న స్కూటరుకే దగ్గరగా కనబడింది.

ఆ స్కూటరు కర్టెన్లు కుట్టే ఆవిడది. మాస్టారిని అన్నయ్యా అనేది. సాయంత్రం అందరూ మరక చుట్టూ చేరి ఎవరి బండిదని ఆరా తీస్తుంటే మాస్టారు అబద్ధమేమీ ఆడలేదు.

"నాది సింథటిక్" అన్నారు, అంతే.

అందరి కళ్ళూ స్కూటరు మీదికి తిరిగాయి. తన బండి ఎప్పుడూ కారలేదని ఆవిడ అంటూనే ఉంది, ఎవరూ వినిపించుకోలేదు. బాగు చేయించుకునేదాకా వీధిలో పెట్టుకోమన్నారు. మర్నాటి నుంచి ఆవిడ గుడ్డల మూటలు భుజాన వేసుకుని గేటు అవతల నుంచి మోసుకొచ్చుకునేది. మరకను సబ్బుపొడితో రుద్దింది కూడా ఆవిడే. మాస్టారు కిటికీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని ఆవిడ మోచేతులు ఆడడం చూశారు. టీ చల్లారిపోయింది.

బావమరిది చెప్పిన అట్ట అప్పుడు గుర్తొచ్చింది. అట్ట కోసం ఆవిడనే అడిగారు. గుడ్డలు వచ్చిన పెట్టె విప్పి, మడతలు సరిచేసి మరీ ఇచ్చింది. కారు పెట్టగానే అది కిందికి తోసేవారు, పాఠానికి ముందు లాగి డిక్కీలో దాచేసేవారు. రాళ్ళ మీద మళ్ళీ చుక్క పడలేదు. చూశారా, స్కూటరు పోయింది, మరకా పోయింది అన్నారంతా. ఆ మాట విన్నప్పుడల్లా మాస్టారు బూటు తాడు కట్టుకునే నెపంతో తల దించుకునేవారు. షెడ్డులో ఇస్తే కారు ఏమైందని నలుగురూ అడుగుతారు. అందుకని సీళ్ళ సంగతి వచ్చే వారానికి, ఆపై వారానికి జరుగుతూ పోయింది.

అప్పట్లో నేర్చుకుంటున్నది ఒక రిటైర్డ్ నర్సు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఒకరోజు కాస్త ముందే వచ్చి, మాస్టారు మెట్లు దిగేలోపే మోకాళ్ళు పట్టుకుని వంగింది.

"ఇది పాత గాయం కాదు మాస్టారూ, ఇంకా కారుతోంది. కట్టు కూడా మీరే కట్టినట్టున్నారు" అంది, అట్ట బయటికి లాగుతూ.

అట్ట నిండా నల్లటి చుక్కలు. ఓ మూల కర్టెన్లావిడ చేతిరాత, "నీలం పరదాలు" అని. సరిగ్గా అప్పుడే ఆవిడ మూటతో గేటు దాటి వస్తోంది. ఇంకా దూరంలోనే ఉంది. అట్ట తిప్పేసి దాచే వ్యవధి ఉంది. మాస్టారి చెయ్యి ముందుకు వెళ్ళింది కూడా. నర్సు అది చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"చెల్లెమ్మా, ఆ మరక నాది. మొదటి రోజు నుంచీ తెలుసు నాకు."

ఆవిడ మూట బానెట్ మీద దింపి, అట్ట మీది తన రాతను చాలాసేపు చూసింది. మాస్టారు తిట్లకు సిద్ధపడి నిలబడ్డారు.

"మీరు చెడ్డవారు కారు అన్నయ్యా" అంది చివరికి. "కారేది కారే."

నర్సు పకపకా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"ఈ మాట నాకు కాదు, ఆవేళ చుట్టూ చేరినవాళ్ళందరికీ చెప్పండి."

చెప్పారు. అదే చోట నిలబడి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రాళ్ళకేసి చూస్తూ చెప్పారు. తరువాత మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిన నీడలాంటి మరకను పొట్ట అడ్డం పడుతున్నా రుద్దారు. స్కూటరును స్వయంగా లోపలికి తోసుకొచ్చి, తన కారు పెట్టే చోట నిలబెట్టారు. బావమరిది సీళ్ళు మార్చాక కారు చుక్క కారలేదు.

ఈ కథ ఎవరైనా ఎత్తితే మాస్టారు కస్సుమంటారు.

"అంతా కట్టుకథ. పోస్ట్‌మాన్ జారాడని మొదలెట్టినవాడి మాట మీరెలా నమ్మారండీ? అట్టా లేదు, మరకా లేదు. అసలు ఆ ఆవరణలో నేను కారే పెట్టను. అది ఎప్పుడూ వీధిలోనే ఉంటుంది. కావాలంటే వెళ్ళి చూసుకోండి."