పచ్చికలో నాన్న ముఖం

మా గరాజ్‌లో, వాషింగ్ మెషీన్ పక్కన, పొడవాటి అట్టపెట్టె ఒకటి ఉంది. దాని మూత ఎత్తినప్పుడల్లా కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. బడులు తెరిచే ముందు కొన్న రెయిన్‌కోటు లోపలివైపు ముక్కు పెడితే వచ్చే వాసన అది, దాని మీద కాస్త అచ్చు సిరా ఘాటు. పెట్టెలో ఉన్నవి యార్డ్ సైన్లు, ఎన్నికల ముందు ఇళ్ళ ముందరి పచ్చికలో ఇనప తీగ కాళ్ళతో గుచ్చి నిలబెట్టే బోర్డులు. వాటి మీద పేరు నాది. ఈ నవంబరులో మా ఊరి స్కూల్ బోర్డుకి పోటీ చేస్తున్నాను. పగలంతా ఆ సంగతి అందరికీ ధైర్యంగానే చెప్పుకుంటాను కానీ, పిల్ల నిద్రపోయి, డిష్‌వాషర్ చప్పుడు ఆగి, ఇల్లు సద్దుమణిగాక ఆ వాసన గరాజ్ తలుపు కింద నుంచి వంటింట్లోకి పాకి వస్తున్నట్టుంటుంది. అప్పుడు నేను మళ్ళీ మూడో తరగతి పిల్లనైపోతాను.

అప్పటి మా ఇల్లు కూడా ఇక్కడే, ఈ బాతెల్ ఊళ్ళోనే, ఒక వీధి చివరి గుండ్రటి మలుపులో ఉండేది. వెనక నల్లగా ఫర్ చెట్లు, ముందు అందరి పచ్చికలూ ఒకదానికొకటి ఆనుకుని. అక్టోబరు వచ్చిందంటే రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి పొగమంచై నేలలోంచి లేచేది. వీధి దీపాలు పొద్దెక్కేదాకా వెలుగుతూనే ఉండేవి, మేపుల్ ఆకులు తడి రోడ్డుకి అతుక్కుపోయి ఎవరో పసుపు చేతులతో అడుగడుక్కీ ముద్రలు వేసి వెళ్ళినట్టుండేది. ఆ నెల్లోనే ఎదురింటి మిస్టర్ హ్యాంక్ తన సమాధి రాళ్ళు బయటికి తెచ్చేవారు. నిజం రాళ్ళు కావు, హాలోవీన్ కోసం థర్మోకోల్‌తో చేసి బూడిదరంగు పూసినవి. వాటి మీద నవ్వు పుట్టించే పేర్లు రాసుండేవి. పొడుగ్గా, వంగిన భుజాలతో, పొద్దున్నే తెల్లటి బాత్‌రోబ్ తొడుక్కుని పేపరు కోసం బయటికొచ్చే ముసలాయన, పిల్లలకి పిడికిళ్ళతో చాక్లెట్లు పెట్టేవారు. నాకు ఆయనంటే ఇష్టమూ భయమూ రెండూ ఉండేవి.

ఆ ఏడు రెండు కొత్త సంగతులు జరిగాయి. నాన్న సిటీ కౌన్సిల్‌కి పోటీ చేశారు. కోనసీమ నుంచి అమ్మమ్మ వచ్చింది.

అమ్మమ్మ రావడంతో ఇల్లంతా ఇంగువ, విక్స్, తడి నూలు చీరల వాసనతో నిండిపోయింది. పప్పులోకి గోంగూర దొరకదని బెంగపడి, ఇక్కడి పుల్లటి ఆకులన్నీ కొరికి చూసేది. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆవిడే, వంటింటి కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో రాయించి. నేను రాసిన అక్షరాల గీతల్లోంచి వీధి కనిపించేది, అందులో మిస్టర్ హ్యాంక్ రాళ్ళు. నాన్న ఇంట్లో ఉంటే మాత్రం అమ్మమ్మ నోరు పెగిలేది కాదు. అల్లుడుగారి ఎదుట కుర్చీలో కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయన కాఫీ చల్లారుతుంటే తలుపు చాటున నిలబడి, "ఏవే చిట్టీ, కాఫీ చల్లారిపోతందని చెప్పవే మీ నాన్నకి" అనేది. నాన్న పక్కనే ఉండి అంతా వింటూ, నేను చెప్పాకే కప్పు అందుకునేవారు. వాళ్ళిద్దరి మధ్యా అదొక పద్ధతి, అదొక గౌరవం.

ఆదివారాలు గుడికి వెళ్ళే దారిలో ఒక శ్మశానం ఉండేది. మొదటిసారి చూసి అమ్మమ్మ అది తోటనుకుంది. "ఎంత బాగుందే! గడ్డి ఎంత సమంగా కోశారో! ఆ పలకలేంటి?" అంది. అమ్మ కారు నడుపుతూ, "పోయినవాళ్ళ పేర్లమ్మా" అంది. పేరు, పువ్వులు, పక్కన చిన్న జెండా. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ మలుపు రాగానే కళ్ళు మూసుకునేది.

నాన్న బోర్డులు నీలం రంగువి. తన పేరు ఇక్కడెవరికీ నోరు తిరగదని, పేరు గుర్తు లేకపోయినా ముఖం గుర్తుంటుందని, పట్టుబట్టి ఫోటో వేయించుకున్నారు. టై కట్టుకుని, కొంచెం తల పక్కకి వంచి నవ్వుతున్న ఫోటో. వాటిని మా పచ్చికలోనూ, మా వీధిలో ఒప్పుకున్నవాళ్ళ పచ్చికల్లోనూ, పెద్ద రోడ్డు అవతల తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందూ గుచ్చారు. నేను వెనకే నడుస్తూ తీగ కాళ్ళని నేలలోకి కాలితో తొక్కాను. తడి మట్టిలోకి అవి మెత్తగా దిగేవి. అమ్మమ్మ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. ఆ పూట అన్నం తినలేదు.

వారం తిరక్కుండానే బోర్డులు మాయమవడం మొదలైంది. మొదట మాదే పోయింది. పొద్దున్నే చూస్తే గడ్డిలో రెండు కన్నాలు, వాటి నిండా నీళ్ళు. నాన్న గాలికి పోయిందనుకుని ఇంకొకటి గుచ్చారు. అదీ పోయింది. తర్వాత మా వీధి మొదట్లో ఉండే రమ ఆంటీ ఇంటి ముందుది. పక్కనే ఉన్న ఇంకో అభ్యర్థి బోర్డులు ఎక్కడివక్కడే ఉండేవి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. నాన్న ముఖం ఉన్నవే పోయేవి. రమ ఆంటీ మా వంటింట్లో అమ్మతో గొంతు తగ్గించి, "సుజాతా, మనోళ్ళ ఇండ్లు చూసి మరీ తీస్తున్నరు. నాకు మస్తు భయమైతుంది. ఎలక్షన్ వద్దు ఏమొద్దు, భాయ్ సాబ్‌ని కూర్చోమను" అంది. అప్పట్నుంచి అమ్మ నన్ను బస్సు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. నాకు అర్థమైందల్లా ఒకటే, నాన్న ముఖాన్ని ఎవరో పట్టుకుపోతున్నారు. ముఖాలన్నీ అయిపోయాక నాన్న కోసం వస్తారు.

అట్లతద్ది ఆ రోజుల్లోనే వచ్చింది. చీకటితోనే అమ్మమ్మ నన్నూ అమ్మనీ లేపి, చలిలో వణుకుతున్నా వినకుండా తలంటి, చద్దన్నంలో పెరుగు కలిపి, ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి నంచుతూ ముద్దలు పెట్టింది. "మొగుడు చల్లగా ఉండాలని ఆడాళ్ళం చేసేదే ఇది. నువ్వూ తినవే, నీ మొగుడెక్కడో పుట్టే ఉంటాడు" అని నా బుగ్గ గిల్లింది. తిన్నాక ఉయ్యాల ఊగాలి కదా, ఉయ్యాల లేదు. పార్కులో ఊయల తడిసిపోయి ఉంటుందని అమ్మ వద్దంది. నేను మళ్ళీ పడుకుందామని మేడ మీదికి వెళ్ళి, కిటికీలోంచి చూశాను. పొగమంచులో తెల్లగా ఎవరో పచ్చిక మీద నడుస్తున్నారు. అడుగుల చప్పుడు లేదు. కాళ్ళు కనపడలేదు, మంచు మోకాళ్ళ దాకా ఉంది. ఆ ఆకారం నాన్న బోర్డు ముందు ఆగి, చాలాసేపు దాని ముఖంలోకి చూసి, మెల్లగా వంగింది. ఒక కాలు కొంచెం ఈడుస్తూ మంచులోకి కలిసిపోయింది. బోర్డు లేదు.

తెల్లారాక నాన్నతో చెప్పాను, తెల్లగా ఎవరో వచ్చారని. నాన్న ఎదురింటి వైపు చూశారు. తెల్లటి బాత్‌రోబ్, పొద్దున్నే లేచే అలవాటు, పచ్చికలో అవతలి అభ్యర్థి బోర్డు. నాన్న మొహం మారిపోవడం నాకింకా గుర్తు. ఇన్నేళ్ళుగా మంచు పడితే మా వాకిలి కూడా తానే తవ్విపెట్టే మనిషి, నాన్న కళ్ళలో ఒక్క క్షణంలో దొంగైపోయారు. మిస్టర్ హ్యాంక్ చెయ్యి ఊపితే నాన్న చూడనట్టు కారెక్కడం మొదలుపెట్టారు. ఆ మధ్యలోని రోడ్డు రోజురోజుకీ వెడల్పవుతున్నట్టుండేది.

హాలోవీన్ నాటి మధ్యాహ్నం నాన్న ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశారు. పెద్ద రోడ్డు అవతల కూడా బోర్డులు పోయాయని ఎవరో ఫోన్ చేశారట. "చాలింక. వెళ్ళి అడిగేస్తాను. ఒప్పుకోకపోతే పోలీసులకి పేరు ఇచ్చేస్తాను" అన్నారు. అమ్మ, "ఏవండీ, చూడకుండా ఎలా అంటారు? ఎదురెదురుగా బతకాలి మనం" అంటోంది. ఆయన గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నారు. నేను దెయ్యం వేషానికి తెల్ల దుప్పటి కావాలని అమ్మమ్మ గదిలో అల్మారా తలుపు తీశాను. పై అరలో నూలు చీర మూట ఒకటి ఉంటే లాగాను. అది జారి, విప్పుకుని, నా మీద పడింది.

నాన్న ముఖం. దాని కింద నాన్న ముఖం. దాని కిందా, ఇంకా కిందా, తల పక్కకి వంచి నవ్వుతూ నాన్న ముఖాలే, ప్రతి నుదుటా కుంకుమ బొట్టు. తడికి కొన్ని బొట్లు కారి కళ్ళలోకి దిగాయి.

నా కేక వీధి అవతల దాకా వినిపించిందంటారు. నాన్న ఒక కాలికే బూటుతో పరుగెత్తుకొచ్చారు. వెనకే అమ్మ. తలుపు పక్కన గోడకి ఆనుకుని అమ్మమ్మ నిలబడి ఉంది, తెల్ల శాలువా తల మీద నుంచి కప్పుకుని. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మమ్మ నడిచేటప్పుడు ఒక కాలు ఈడుస్తుంది.

"నేనే తెచ్చాను" అంది. అమ్మ వైపు తిరిగే అంది.

"ఎందుకమ్మా?"

"ఎందుకేంటే? గుడికెళ్ళే దార్లో చూట్టం లేదా నేను? గడ్డి, పేరు, పక్కన జెండా. ఆ ఎదురింటాయన వాకిట్లో చూట్టం లేదా? నా కూతురు బొట్టు పెట్టుకుని తిరుగుతుండగా దాని మొగుడి బొమ్మ గడ్డిలో పాతితే చూస్తా కూర్చోనా?"

"అవి ఎలక్షన్ బోర్డులమ్మా! నన్నడిగితే చెప్పేదాన్ని కదా!"

"అడగాలంటే ఆ మాట నోటితో అనాలిగా. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నేనన్లేను." శాలువా తల మీదికి లాక్కుంది. "పారెయ్యడానికి చెయ్యి రాలేదు. బతికున్నోళ్ళ బొమ్మ. అందుకే బొట్టు పెట్టి దాచాను."

నాన్న నవ్వబోయారు. నవ్వు రాలేదు. తన ముఖాల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఒకదాన్ని తిప్పి చూస్తూ, "అన్నీ మీరే తీశారా అత్తయ్యగారూ? పెద్ద రోడ్డు అవతలవి కూడా?" అని అడిగారు.

అమ్మమ్మ మొదటిసారి ఆయన వైపు సూటిగా చూసింది. "మన వీధివే బాబూ. రోడ్డు దాటి అటు నేనెక్కడికి పోతాను?"

అవతలివి ఎవరు తీశారో ఎప్పటికీ తెలియలేదు.

నాన్న ఎదురింటికి వెళ్ళారు, కానీ అమ్మ చేసిన రవ్వలడ్డూల పళ్ళెంతో. వాళ్ళిద్దరూ వరండాలో చాలాసేపు నిలబడ్డారు. మిస్టర్ హ్యాంక్ ఒకసారి మా కిటికీ వైపు చూసి, టోపీ తీశారు. చాక్లెట్ల కోసం పిల్లలు బయల్దేరే వేళకి ఆయన పచ్చికలో ఒక్క రాయీ లేదు. ఒక్కటొక్కటే పెరికి గరాజ్‌లోకి మోసుకుపోయారు. మేమున్నన్నేళ్ళూ ఇంక వాటిని బయటికి తేలేదు.

మర్నాడు అమ్మా రమ ఆంటీ బల్ల దగ్గర కూర్చుని బోర్డులన్నింటిలోంచి ఫోటోలు కత్తిరించేశారు. అమ్మమ్మ ఒప్పుకున్న రాజీ అది, పేరు ఉండొచ్చు, ముఖం వద్దు. "భాయ్ సాబ్, ఇప్పుడు మీకు ఓటేసేటోళ్ళు కన్నంల నుంచి చూసి వెయ్యాలె" అని రమ ఆంటీ నవ్వింది. మళ్ళీ గుచ్చారు. ముఖం ఉండాల్సిన చోట నలుచదరపు కన్నం, అందులోంచి అవతలి గడ్డి, పొగమంచు, ఒక్కోసారి నడిచిపోయే మనిషి ముఖం. నాకు మునుపటికన్నా ఎక్కువ భయమేసేది. నాన్న ఓడిపోయారు. కత్తిరించిన ముఖాల్ని అమ్మమ్మ చీరల మడతల్లో పెట్టుకుని ఊరు తీసుకెళ్ళింది. అక్కడ వాటినేం చేసిందో మాకెవరికీ తెలీదు. నాన్నకి ఇప్పుడు డెబ్భై దాటాయి, రోజూ నది పక్కన నడుస్తారు. అదంతా ఆవిడ చలవే అంటుంది అమ్మ.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మిస్టర్ హ్యాంక్ ఇల్లు పడగొట్టి అక్కడ వరసగా టౌన్‌హౌసులు కట్టారు. ఆ గుండ్రటి మలుపులో ఇప్పుడు పచ్చికే లేదు. అట్లతద్దికి చీకటితో లేపి ముద్దలు పెట్టేవాళ్ళు లేరు. మా అమ్మాయికి ఆ పండగ పేరు పలకడం రాదు. ఇప్పుడు మా వీధిలో ఇళ్ళ ముందు హాలోవీన్‌కి మేడంత ఎత్తు ప్లాస్టిక్ అస్థిపంజరాలు నిలబడుతున్నాయి, ప్రతి గుమ్మానికీ ఒక కెమెరా కన్ను. పొగమంచు మాత్రం అదే.

నా బోర్డులు కూడా పోతున్నాయి, పెద్ద రోడ్డు అవతల గుచ్చినవి. నిన్న సాయంత్రం మా ఆయన కిరణ్ సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తూ, "దొరికింది! కెమెరాలో దొంగ దొరికింది, రా రా!" అని పిలిచాడు. మా అమ్మాయి మేఘ అతని ఒళ్ళోకి ఎక్కింది. నేనూ వంగి చూశాను. మసకవేళ, మా పచ్చిక. తెల్ల శాలువా తల మీద నుంచి కప్పుకున్న మనిషి నా బోర్డు ముందు ఆగి, చాలాసేపు పేరు వైపు చూసి, మెల్లగా వంగి దాన్ని పెరికి, శాలువా కింద పెట్టుకుంది. ఒక కాలు కొంచెం ఈడుస్తూ గరాజ్ వైపు వచ్చింది.

"డాడీ, ఎవరో అమ్మమ్మ మన బోర్డ్ తీస్కెల్తుంది" అంది మేఘ.

శాలువా నాది, అమ్మమ్మది. మనిషినీ నేనే. పక్కింటి అస్థిపంజరం నీడ నా పేరు మీద పడుతుంటే చూడలేక, కొన్నాళ్ళుగా పొద్దు వాలగానే దాన్ని లోపలికి తెచ్చి, తెల్లారాక మళ్ళీ గుచ్చుతున్నాను. కిరణ్‌తో చెప్పలేదు. చెప్పాలంటే ఆ మాట నోటితో అనాలి. కానీ నా కాలికి ఏ నొప్పీ లేదు. నేనెప్పుడూ అలా నడవను.

కిరణ్ ఫోను దించి నా వైపు చూశాడు. నవ్వాలో వద్దో తెలియని మొహం. "అయితే అన్నీ నువ్వే తీస్తున్నావా? పెద్ద రోడ్డు అవతలవి కూడా?"

"మనింటిదే" అన్నాను. "రోడ్డు దాటి అటు నేనెక్కడికి పోతాను?"