నా కుండలో నీళ్లు

1920లలో పాడేరు దగ్గర ఒక కొండపల్లె బడిలో నేను మేస్టారిని. బడికి కొత్తగా వచ్చిన సూక్ష్మదర్శిని కింద ఊరి ఊటనీటి చుక్క పెట్టి, అందులో కదిలే పురుగులను పిల్లలకూ పెద్దలకూ చూపించాను. "ఇవే మీరు తాగుతున్నవి!" అని మందలించాను కూడా.

బుద్రమ్మ అనే ముసలామె, "మీ కుండలో నీళ్లు కూడా సూడండి బాబూ" అంది.

చూశాను. అందులోనూ పురుగులు ఈదుతున్నాయి. పరువు పోతుందని గాజుపలక గబగబా తుడిచేసి, "ఏమీ లేవు" అన్నాను.

సాయంత్రం ఆమె ముంతతో మా గుమ్మంలోకి వచ్చింది. "మా కోడలు బాలింత బాబూ, జొరంతో ఉంది. మీ నీళ్లు మంచివి కదా, కాసిన్ని ఇయ్యండి."

నింపి ఇచ్చేశాను. ఆమె నాలుగడుగులు వేశాక మనసు ఊరుకోలేదు. పరుగెత్తి ఆపాను.

"అబద్ధం చెప్పానమ్మా. నా నీళ్లలోనూ పురుగులున్నాయి."

ఆమె కోప్పడలేదు. "అయితే ఏటి సెయ్యాలో బేగి సెప్పండి" అంది.

మరిగించి చల్లార్చి పట్టమన్నాను. కోడలు కోలుకుంది. కానీ ఆ ఒక్క మాట పొద్దున బడిలోనే చెప్పవలసింది. పురుగులను చూపించి గొప్పలు పోయానే గానీ, అది నాకు తోచనే లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.