నాలుగో మెట్టు మీద మా పాప పేరు

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. బుక్కరాయసముద్రం నుంచి.

ఓబులేసన్న పోయాడని.

ఎవరు అని మళ్లీ అడిగాను. పేరు సరిగ్గానే విన్నా. అయినా అడిగాను.

"మన హార్మోనియం ఓబులేసన్నే. గుండె నిలిచిపోయినాది. కాఫీ తాగి హార్మోనియం తుడుచుకుంటా కూర్చున్నోడు, కూర్చున్నట్టే పక్కకు ఒరిగినాడు" అన్నాడు అవతలి మనిషి.

అరవై రెండేళ్లు. పోవాల్సిన వయసు కాదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. ఓబులేసన్న ఒకప్పుడు మన పల్లెల్లో నాటకాలకు హార్మోనియం వాయించాడు. నాటకాలు తగ్గాక ఇంట్లోనే ముందు గదిలో పాట నేర్పడం మొదలుపెట్టాడు.

బ్యాచ్ లేదు. సిలబస్ లేదు. ఒక్కొక్కరికి ఒక టైమ్.

ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. "ఏం పాట ఇష్టమప్పా నీకు?"

విడపనకల్లు నుంచి ఒకాయన వచ్చేవాడు. బోర్ లారీ డ్రైవర్. ఇంత లావు మీసాలు, యాభై ఏళ్లు. ఊరి నాటకంలో వేషం దొరికిందట, ఒక పద్యం నేర్చుకోవాలి. అంతకు ముందు వెళ్లిన చోట సరళీ స్వరాల దగ్గర కూర్చోబెడితే పారిపోయి వచ్చాడు. ఓబులేసన్న ఆ పద్యమే ముందు నేర్పించాడు. నేను నవ్వితే నా మీద గుడ్లురిమాడు.

"సరళీ స్వరాలు యాడికీ పోవప్పా, ఆడనే ఉంటాయి. ముందు వచ్చిన మనిషి పోకుండా ఉండాల."

ఆ డ్రైవర్ నాలుగేళ్లు వచ్చాడు. సరళీ స్వరాలు కూడా నేర్చుకున్నాడు. నిన్న పాడె మోసిన నలుగురిలో ఆయన ఒకడు.

ఇప్పుడు అసలు విషయం. రాయకూడదనే అనుకున్నా. రాయకపోతే ఈ పోస్ట్ మొత్తం అబద్ధం అవుతుంది.

మా నందిని తొమ్మిదేళ్లప్పుడు ఆయన దగ్గర చేరింది. దాని గొంతు కొంచెం బొంగురు, కిందికి ఉంటుంది. స్కూల్లో "మగ గొంతు" అని ఏడిపించేవాళ్లు. ఓబులేసన్న మొదటి నెలంతా దానికిష్టమైన పాటలే పాడించాడు. హార్మోనియం మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ, దాని గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో వెతికాడు. నాలుగో మెట్టు దగ్గర ఆగాడు.

తెల్ల ప్లాస్టర్ ముక్క చించి, "నందిని" అని రాసి, ఆ మెట్టుకు అంటించాడు.

ఆయన దగ్గర అందరికీ అంతే. పేరు అంటించిన మెట్టే ఆ మనిషి శ్రుతి. పాట అక్కడి నుంచే మొదలు. మానేసిన వాళ్ల ముక్క మాత్రం పీకేసేవాడు.

మూడేళ్లు మా ఇంట్లో పాట ఆగలేదు. జడ వేయించుకుంటూ పాడేది. అన్నం తింటూ పాడి వాళ్లమ్మ చేత తిట్లు తినేది.

తర్వాత నాకు తెలివి ఎక్కువైంది. స్టేజ్, సర్టిఫికెట్, కాంపిటీషన్. టౌన్‌లో ఒక బ్యాచ్‌లో చేర్పించా. ముప్పై మంది పిల్లలు, అందరికీ ఒకటే శ్రుతి. ఓబులేసన్నకు చెప్పడానికి పోయినప్పుడు "నీ దగ్గరే ఉంటే స్టేజ్ ఎప్పుడెక్కుతాదన్నా" అని కూడా అన్నాను.

ఆయనకు కోపం రాలేదు.

"పాపకు అంత పైశ్రుతి పట్టదప్పా. గొంతు పగులుతాది. చూసుకో" అన్నాడు.

పగిలింది.

పైకి అందుకోలేక అరిచి అరిచి, స్టేజ్ మీద పాట మధ్యలో గొంతు పోయింది. పిల్లలు నవ్వారు. నేను ముందు వరసలోనే కూర్చుని ఉన్నా. రెస్ట్ ఇస్తే చాలన్నాడు డాక్టర్. గొంతు బాగైంది. పాట మాత్రం తిరిగి రాలేదు. ఏడాదిన్నరగా మా పిల్ల కూనిరాగం కూడా తీయలేదు. క్లాస్‌లో అటెండెన్స్‌కు చేయి ఎత్తుతుందంట, నోరు తెరవదంట.

పోయిన నెలాఖర్లో ఓబులేసన్నే మా మోటార్ స్పేర్ల షాపుకొచ్చాడు. ఆ రోజు గాలి విపరీతంగా ఉంది. దుమ్ముకు కళ్లు ఎర్రబడ్డాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాపను ఆదివారం తోలుకొని రాప్పా. పాడించనులే. ఊరికే వచ్చి కూచోని పోనీ."

"తెస్తాన్నా" అన్నాను.

తీసుకెళ్లలేదు.

ముఖం చెల్లలేదు. నాదే తప్పన్నా అని ఆయన ముందు ఒప్పుకోవడం నావల్ల కాలేదు. మొదటి ఆదివారం పెళ్లి ఉందని నాకు నేనే చెప్పుకున్నా. రెండో ఆదివారం ఏ పనీ లేదు. ఆయన పిలిచిన సంగతి నందినికి అసలు చెప్పనే లేదు.

నిన్న ఇద్దరం వెళ్లాం.

ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. ముందు గదిలో హార్మోనియం అలాగే ఉంది, తుడుస్తున్న గుడ్డ దాని మీదే ఉంది. మెట్ల మీద ప్లాస్టర్ ముక్కలన్నీ చేతుల జిడ్డుకు నల్లబడ్డాయి. ఒక్కటి మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది. నాలుగో మెట్టు మీద.

నందిని.

ఓబులేసన్న భార్య అంజనమ్మక్క మా పాప చేయి పట్టుకుంది. "నువ్వొస్తావని మళ్లా అంటించినాడు తల్లీ. రెండాదివారాలూ నీ టైముకు ఇంకెవర్నీ రానియ్యలేదు. వాకిలి కల్లా చూస్తా కూచున్నాడు."

నందిని నా వైపు తిరిగింది.

"సారు నన్ను పిలిచినాడా నాయనా? నాకెందుకు చెప్పలేదు?"

ఏడాదిన్నర తర్వాత దాని గొంతు అంత గట్టిగా విన్నాను.

అది ఆ మెట్టు మీద వేలు పెట్టింది. నొక్కలేదు. పాడుతుందేమో అని చూశాను. అలా ఆశపడే హక్కు కూడా నాకు లేదు.

పాడలేదు. దారిలో నాతో మాట్లాడలేదు. ఇది రాసేటప్పటికి కూడా మాట్లాడలేదు.

ఓబులేసన్నా, పాపను తెచ్చినా. ఆలస్యంగా తెచ్చినా.

ఇంక వాకిలి వైపు చూడొద్దన్నా. నెమ్మదిగా నిదురపో.