బావమరిది ఫోటో

ఫ్యాక్టరీలో ఆ ఫైర్‌మన్‌ని అందరూ మొండోడు అనేవారు. మంటను చూసి వెనకడుగు వెయ్యడని కొందరికి మెప్పు, వాదన మొదలుపెడితే ఆపడని మరికొందరికి విసుగు. శత్రువు ఉపగ్రహాన్ని ఆకాశంలోనే కొట్టి పగలగొట్టే రాకెట్‌కి ఇంధనం అక్కడే కలిపేవారు. కలిపేవాళ్లలో మొండోడి భార్య తమ్ముడు ఒకడు. ఆ ఉద్యోగం ఇప్పించింది బావే. "నేను అంటుకునే సరుకు చేస్తా, నువ్వు ఆర్పుతావు. ఫ్యాక్టరీ అంతా మనింటి వ్యాపారమే బావా" అని ఏడిపించేవాడు.

టీవీలో రోజూ ఆ రాకెట్ మీదే రచ్చ. పైనుంచి మనల్ని చూసే కళ్లు శత్రువుకి ఉండగా చేతులు ముడుచుకు కూర్చోవాలా అని మిలటరీ పెద్దలు అడిగేవారు. ఒక్కటి పగలగొడితే ఆ ముక్కలు తూటాల్లా తిరిగి అందరి ఉపగ్రహాలనూ చీలుస్తాయని, ఆకాశం ఎవడబ్బ సొత్తూ కాదని వద్దనేవాళ్లు అరిచేవారు. మొండోడికి రెండూ నిజమే అనిపించేవి. బావమరిదికి మాత్రం ఏ అనుమానమూ లేదు. పైన పగిలేది ఇనుమే, మనిషి చావని ఆయుధం ఇదొక్కటే కదా అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఇంధనం కలిపే షెడ్డు పేలింది. మొండోడు గొడ్డలి పట్టుకుని పరుగెత్తాడు. లోపలికి తెరుచుకునే తలుపు వంకర తిరిగి బిగుసుకుపోయింది. నరికిన సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు మీది గడియారం తను కొనిచ్చిందే. పట్టి లాగితే చర్మం తొడుగులా ఊడి చేతిలోకి వచ్చింది. మోచేయి దొరకబుచ్చుకునేలోగా లోపల మళ్లీ పేలింది. తలుపు ఎగిరొచ్చి అతన్ని ఆవలికి విసిరికొట్టింది. లేచి చూస్తే పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తమ్ముడి ముఖం చూపించమని భార్య అడిగింది. శవపెట్టె మూత మొండోడు తియ్యనివ్వలేదు. ఆమె పిడికిళ్లతో అతని గుండెల మీద కొట్టింది. చేతులు పడిపోయేదాకా కొట్టించుకున్నాడు.

వారం తిరక్కుండానే బావమరిది ఫోటో ఊరంతా వెలిసింది. రాకెట్ కావాలనేవాళ్లు ఊరేగింపుల్లో ఎత్తిన అట్టల మీద దేశం కోసం నేలకొరిగిన వీరుడు. వద్దనేవాళ్ల అట్టల మీద ఆయుధం మింగిన అమాయకుడు. రెండు గుంపులూ ఒకే రోజు ఫ్యాక్టరీ గేటు ముందుకొచ్చాయి. డ్యూటీ దిగి వస్తున్న మొండోడికి ఒళ్లు మండిపోయింది. ముందు కావాలనేవాళ్ల దగ్గరికెళ్లి అట్ట ఇచ్చెయ్యమన్నాడు.

"వీరుడు అందరివాడు. నువ్వెవడివి అడగడానికి?" అన్నాడు అట్ట పట్టుకున్నవాడు.

మొండోడు వాడి ముక్కు మీద గుద్ది, రక్తం మరకలతోనే అట్ట లాక్కున్నాడు. అవతలి గుంపు చప్పట్లు కొట్టింది. తమవాడే అనుకున్నారు. అతను తిన్నగా వెళ్లి వాళ్ల అట్ట కూడా పీకి చించాడు. ఆ తర్వాత ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో తెలియలేదు. కర్రలు విరిగాయి, రాళ్లు లేచాయి, కిందపడ్డవాళ్లను తొక్కుకుంటూ పోయారు. ఒక ఇనుపచువ్వ అతని ఎడమ కంట్లో దిగింది.

కన్ను పోయింది. ఆసుపత్రికి రెండు పక్షాలవాళ్లూ వచ్చారు. పొడిచింది అవతలివాళ్లేనని చెబితే చాలన్నారు. మంచం పక్కన కూర్చున్న భార్య లేచింది.

"శవం మీద పేలాలు ఏరుకున్నది చాల్లేదా? బతికున్నోడి మీద కూడానా? మెట్లు దిగండి."

షెడ్డు మళ్లీ కట్టారు. డ్యూటీకి తిరిగొచ్చిన మొండోడు చూస్తే తలుపు మళ్లీ లోపలికే తెరుచుకుంటోంది. బయటికి తిప్పమంటే, రాకెట్ ఆలస్యమవుతుందన్నాడు మేనేజరు. మొండోడు అతని గొంతు పట్టుకుని అదే తలుపుకేసి కొట్టాడు. నలుగురొచ్చి విడదీశారు. ఉద్యోగం ఊడింది, కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. కానీ ఆ గొడవ జరిగిన మర్నాడు ఇంధనం కలిపేవాళ్లెవరూ లోపల అడుగు పెట్టలేదు. తలుపులన్నీ తిప్పాకే పని మొదలైంది.

ఆ రాకెట్ గురి తప్పలేదు. మొండోడిప్పుడు లారీ టైర్ల కొట్లో పంక్చర్లు వేస్తున్నాడు. ఆ ఉపగ్రహాన్ని పగలగొట్టడం మంచిపనా చెడ్డపనా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నానంటాడు. భార్య ఎప్పుడో తేల్చుకుంది, వద్దనే ఆమె మాట. అయినా వద్దనేవాళ్ల ఊరేగింపు వీధిలోకొస్తే తలుపేసుకుంటుంది.