పెరుమాళ్ళు ఎక్కిన మామిడికాయల వ్యాను

పెళ్ళయిన పదకొండేళ్ళలో మా ఆయనా నేనూ కలిసి ఒక్క రాత్రి కూడా పరాయి ఊళ్ళో పడుకోలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కారణం మా ఇంటి సాలగ్రామం. చూడటానికి నిమ్మకాయంత నల్లరాయి. కానీ మా వైష్ణవుల ఇళ్ళలో రాయి అనకూడదు, పెరుమాళ్ళు అనాలి. రోజూ మా ఆయన స్నానం చేసి ఆరాధన చెయ్యాలి, నేను మడిగా వండింది నైవేద్యం పెట్టాలి, ఆ తర్వాతే మా నోట్లోకి మెతుకు. ఆడవాళ్ళు పెరుమాళ్ళను తాకకూడదు. అందుకని చుట్టాల పెళ్ళయినా చావయినా నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. ఆయన తిరుపతి వదిలేవారు కాదు.

పాపం, ఆయనకేమో పక్షుల పిచ్చి. హైస్కూల్లో సైన్సు మాస్టరు. పాత దుర్బిణీ ఒకటి పట్టుకుని సాయంత్రాలు మిద్దె మీద నిలబడేవారు. మా మిద్దెకు కాకులు తప్ప ఏమొస్తాయి?

ఎనభైల్లో ఒక దసరా సెలవులకు పాకాలలో ఉండే ఆయన స్నేహితుడు తన వ్యాను తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. "మామిడికాయల కాలం అయిపోయినాది. బండి ఊరికే నిలబడుండాది, తీసుకుపో అప్పా" అన్నాడు. మా ఆయన డ్రైవింగు నేర్చుకున్నది కూడా ఆ బండి మీదే.

"ఇల్లు వదిలి పోలేం గదా, ఇంటినే తోలుకుపోదాం" అన్నారు మా ఆయన నాతో.

వెనక బల్ల వేయించి పరుపు పరిచాం. ఒక మూల కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ బిందె. ఇంకో మూల పీట మీద పెరుమాళ్ళ పెట్టె. ఎన్నిసార్లు కడిగినా మామిడి జీడి వాసన మాత్రం పోలేదు. పక్కింటావిడ వచ్చి తొంగి చూసి, "ఏమమ్మా, బ్రహ్మోత్సవాలకు కొత్త వాహనమా?" అంది. "అవును, కొబ్బరికాయ తెచ్చినారా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

తలకోన అడవికి రెండు మూడు గంటల దారి. మేం చేరేసరికి పొద్దు గూకింది. భాకరాపేట ఘాటులో పిట్ట కదిలితే చాలు, బ్రేకు. అయినా నాకు కోపం రాలేదు. ఆయన దుర్బిణీ నా చేతికిచ్చి, భుజాలు పట్టుకుని తిప్పి, "అదిగో, ఆ కొమ్మ చివర" అనేవారు. పెళ్ళయిన కొత్తలో కూడా అంత తీరిగ్గా నా పక్కన నిలబడింది లేదు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

రెండు రోజులు దుప్పులను చూశాం. కొండముచ్చులు వరసగా కూర్చుని నా వంట చూశాయి. ఆయనకు మాత్రం బెట్టుడుత కావాలి. చెట్ల చివర్ల మీదే బతికే పెద్ద ఉడుత. తెల్లవారుతూనే లేచి వెతకాలట. ఆరాధన కానిదే మేం తినకూడదు, ఉడుతలేమో మా ఆరాధన అయ్యేదాకా ఆగవు. "గంటలో వచ్చేస్తాం, వచ్చినాక చేసుకుందాం" అన్నారు. మూడోరోజు ఖాళీ కడుపులతో కొండెక్కాం.

గంట కాస్తా మూడు గంటలయింది. చివరికి కనబడింది. ఎర్రటి ఒళ్ళు, మనిషి చెయ్యంత తోక. ఆయన తల పైకెత్తి చూస్తూ ఒకడుగు వెనక్కి వేశారు. తడిబండ. మడమ మెలిపడింది, కుడి అరచెయ్యి రాయికి చీరుకుపోయింది.

నా భుజం మీద ఆనుకుని వ్యాను చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. తువ్వాలు కట్టినా నెత్తురు ఆగలేదు. పెదవులు పాలిపోయి, ఒళ్ళు వణుకుతోంది. అరటిపండు ఒలిచి ఇస్తే తల అడ్డంగా ఊపారు. "ఆరాధన కాలేదు."

నెత్తురు కారే చేత్తో ఆయన పెరుమాళ్ళను తాకకూడదు. నేను అసలే తాకకూడదు. తినకుండా ఆయన బండి తోలలేరు. నాకు తోలడం రాదు. చుట్టుపక్కల మనిషి లేడు. ఈ మనిషి ఇక్కడే నా చేతుల్లో పోతారేమోనని నిజంగా భయపడ్డాను. భయమేస్తే నా నోరు ఇంకా పెద్దదవుతుంది.

"పెరుమాళ్ళు ఆకలికి ఓర్చుకుంటాడు, మీరు ఓర్చుకోలేరు. నేను చేస్తాను."

"నీకు క్రమం తెలీదే."

"పదకొండేళ్ళుగా వంటింట్లోంచి వింటా ఉండాను. మీరు యాడ ఆవలిస్తారో కూడా తెలుసు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కాదంటారనే అనుకున్నాను. కళ్ళు తెరిచి, "పోయి స్నానం చేసి రా" అన్నారు.

వాగులో మునిగి తడిచీరతోనే అన్నం వార్చి, పెట్టె తెరిచాను. పదకొండేళ్ళు వండిపెట్టిన పెరుమాళ్ళ అడుగుభాగం ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. ఆయన బల్లమీద పడుకుని మంత్రం చెప్పారు. ఒకచోట ఊపిరందక ఆగితే తర్వాతి మాట నేనే అందుకున్నాను. తీర్థం ఆయన నోట్లో పోసి, పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టాను. నాలుగో ముద్దకు ముఖంలోకి రంగు వచ్చింది. ఏడుస్తూనే తిట్టాను.

సాయంత్రానికి నెత్తురు ఆగింది. మడమ వాపు తగ్గేదాకా రెండు రోజులు అక్కడే ఉండి, మెల్లగా ఇల్లు చేరాం. అరచెయ్యి మానడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ నేనే చేశాను.

మా ఆయనను చిన్నప్పటి నుంచి పెంచిన పెద్దనాయన ఒక పొద్దున వచ్చేసరికి నేను పెరుమాళ్ళ ముందు కూర్చుని ఉన్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు పెద్దనాయన. "మానిపోయినాది గదరా. ఇంకా ఈ యమ్మ చేత ఎందుకు సేయిస్తా ఉండావు?"

నేను లేవబోయాను. అంత నోరూ ఎక్కడికి పోయిందో.

"కూర్చో" అన్నారు మా ఆయన నాతో. పెద్దనాయన ఎదుటే నా ముందు ఒంగి, తీర్థానికి చెయ్యి చాపారు.

పోశాను. పెద్దనాయన తీర్థం పుచ్చుకోకుండానే వెళ్ళిపోయారు. రెండేళ్ళు మా గడప తొక్కలేదు. ఆ రెండేళ్ళూ దారిలో మా ఆయన ఎదురైతే పెద్దనాయన తల తిప్పుకుని పోయేవారని వేరేవాళ్ళు చెబితే నాకు తెలిసింది. మా ఆయన ఒక్కసారి కూడా నాతో అనలేదు. పొద్దున్నే వచ్చి నా ముందు చెయ్యి చాపేవారు.