అల్లుడిని ఒరేయ్ అన్న రోజు

తెనాలి స్టేషన్లో టికెట్ తీసుకున్నప్పటి నుంచి నా భార్యది ఒకటే పాట. "ఏమండీ, మీ నోరు కాస్త అదుపులో పెట్టుకోండి." బండి ఎక్కాక ఒకసారి, చుండూరు దాటాక ఒకసారి, నిడుబ్రోలులో వేరుశనక్కాయలు కొంటూ మరొకసారి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా నుంచి కాళ్లు కొంచెం వెనక్కి లాక్కున్నాడు.

ఆవిడ భయం ఆవిడది. ఏడాదిన్నరగా మా అమ్మాయి మా గడప తొక్కలేదు. రేపల్లెలో వాళ్ల కొత్తింటి గృహప్రవేశం నాడు అల్లుడి కారు వంటవాళ్ల వ్యానుకు అడ్డంగా ఉంటే, "ముందు నువ్వు బండి తియ్యవయ్యా, కబుర్లు తర్వాత" అన్నాను. వాళ్ల చుట్టాలందరి మధ్యా అన్నాను. జీవితమంతా పోలీసు ఉద్యోగం చేసినవాడి నోటికి అదేమంత మాట కాదు. కానీ మా ఇళ్లలో అల్లుడు ఎంత చిన్నవాడైనా 'మీరు' అనే అనాలి, గొంతు పెంచకూడదు. అతను నవ్వి కారు తీశాడు. ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేశాడు. భర్త రాని ఇంటికి నేనూ రానని అమ్మాయి పట్టుబట్టింది. ఆ పట్టుదల ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను.

రాజీ కుదిర్చింది మా మనవరాలు. తొమ్మిదేళ్ల పిల్ల. తాతయ్య ఉద్యోగం చేసిన సముద్రం చూడాలని తండ్రి ప్రాణం తోడేసింది. చివరికి ఒప్పందం ఇది: కార్తీకమాసం ఆదివారం వాళ్లు రేపల్లె నుంచి కారులో సూర్యలంక వస్తారు, మేము బాపట్ల దాకా రైల్లో వెళ్లి ఆటోలో చేరతాం. పగలంతా సముద్రం దగ్గర గడిపి, సాయంత్రం అందరం ఆ కారులోనే తెనాలి వచ్చేస్తాం. రెండు రోజులుంటారు. నా భార్య గారెలకు మినప్పప్పు నానబోసి మరీ బయలుదేరింది.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమండీ" అంది అప్పికట్లలో. ఆ సామెత పెట్టినవాడు సముద్రం ఎన్నడూ చూసి ఉండడు అనుకున్నాను. పైకి మాత్రం సరేనన్నాను. నోరెత్తనని మాట కూడా ఇచ్చాను.

నిజానికి నాకు ఆ సముద్రం దగ్గరికి వెళ్లడమే ఇష్టం లేదు. ఆరేళ్లు అక్కడ కాపలా డ్యూటీ చేశాను. బాపట్లలో అద్దెకుంటూ కూడా పెళ్లాన్నీ పిల్లనీ ఒక్కసారీ తీసుకెళ్లలేదు. మా అమ్మాయి మొదటిసారి సముద్రం చూసింది స్కూలువాళ్ల విహారయాత్రలో, విశాఖపట్నంలో. దానికి ఆ కోపం ఇప్పటికీ ఉంది.

తీసుకెళ్లకపోవడానికి కారణం నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

నేను అక్కడ చేరిన రెండో ఏడు, ఇలాగే కార్తీకంలో, అమృతలూరు వైపు నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చింది. సరుగుడు చెట్ల కింద వంటలు, పిల్లల గోల. ఇంటిపెద్ద మహా మర్యాదస్తుడు. "రండి సార్, డ్యూటీ ఎప్పుడూ ఉండేదే" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కొత్తల్లుడి పక్కనే నాకూ విస్తరేయించాడు. పులిహోర, బూరెలు దగ్గరుండి వడ్డించాడు. భోజనాలయ్యాక ఆ కొత్తల్లుడు నీళ్లలో దిగాడు. జనం ఉన్నచోట కాదు, కొంచెం ఎడంగా, అలలు లేనిచోట.

మా డెల్టా వాళ్లు చేసే పొరపాటు అదే. కాలవల్లో ఈత నేర్చినవాళ్లం కదా, నీళ్లు నిలకడగా కనిపిస్తే క్షేమం అనుకుంటాం. సముద్రంలో అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ నున్నగా, కాస్త నల్లగా కనిపిస్తే అదే చెడ్డచోటు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ అక్కడి నుంచే లోపలికి పోతాయి, మనిషిని కూడా తీసుకుపోతాయి. రెండో పొరపాటు, లాగేస్తున్నప్పుడు తిన్నగా ఒడ్డుకు ఈదడం. కాలవలో గట్టు పది బారల దూరంలో ఉంటుంది, నాలుగు చేతులు వేస్తే దొరుకుతుంది. ఇక్కడ పక్కకు ఈది ఆ పాయలోంచి తప్పుకోవాలి. కాలవ ఈతగాడికి ఆ సంగతి తెలియదు.

నాకు తెలుసు. అప్పటికి ఏడాదిగా చూస్తున్నాను. నీళ్ల అంచుదాకా వెళ్లి, "బాబూ, కొంచెం ఇటు వచ్చేయండి, అక్కడ లోతండి" అన్నాను. "పర్లేదండి, ఈతొచ్చండి" అని నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఇంకెవరైనా అయితే ఈల ఊది, అమ్మనాబూతులు తిట్టి బయటికి లాగేవాణ్ణి. కానీ వాళ్ల విస్తట్లో తిన్నాను. కొత్తల్లుడు. మామగారు నా పక్కనే నిలబడ్డాడు. రెండోసారి కూడా 'అండి' అనే పిలిచాను.

అతను మా వైపే ఈదాడు. చక్కటి బారలు వేశాడు. ఎంత ఈదినా ఉన్నచోటే ఉన్నాడు. "వచ్చేస్తాడండి, మంచి ఈతగాడండి" అంటూనే ఉన్నాడు ఆ పెద్దమనిషి. బెస్తవాళ్లను కేకేసి, తాడు తెప్పించి, మేము లోపలికి వెళ్లేసరికి పైన ఎవరూ లేరు. మర్నాడు పొద్దున దొరికాడు. పంచనామా నేనే రాశాను. అప్పుడు ఆ మామగారు నన్ను నిలదీయలేదు, తిట్టలేదు. "అదేంటండీ, మీరు కాస్త గట్టిగా చెప్పకపోయారా?" అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత నేను ఎవరికీ మర్యాదగా చెప్పలేదు. డాక్టరైనా, ఆఫీసరైనా, బూతే. నా నోటి మీద పై అధికారులకు పిటిషన్లు వెళ్లాయి, రెండుసార్లు సంజాయిషీ రాసిచ్చాను. మిగిలిన నాలుగేళ్లూ తిడుతూనే ఉన్నాను.

సూర్యలంక ఇప్పుడు చాలా మారింది. కొట్లు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు, కార్లు పెట్టుకోవడానికి పెద్ద జాగా. పోలీసు కుర్రాళ్లు మైకులో చెబుతున్నారు, లోపలికి వెళ్లొద్దండి, జాగ్రత్తండి అని. నాకు ఒళ్లు మండింది. మాట ఇచ్చాను కదా అని మిన్నకున్నాను.

అల్లుడు కారు దిగి, "బాగున్నారా మావయ్యగారూ" అన్నాడు. "బాగున్నాం బాబూ, మీరు బాగున్నారా" అన్నాను. నా భార్య ముఖం వెలిగింది. మనవరాలు నా వేలు పట్టుకుని, ఎక్కడ నిలబడేవాడివి, దొంగలొచ్చేవాళ్లా, తుపాకీ ఉండేదా అని చంపుకు తింది. మా అమ్మాయి మొదటి అరగంటా ముభావంగా ఉండి, తర్వాత తనే వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చుంది. "చిక్కిపోయావు నాన్నా" అంది. దాన్ని ఎంతగా తలుచుకున్నానో చెబుదామనుకున్నాను. ఈలోగా అల్లుడు పిల్లను తీసుకుని నీళ్లలోకి బయలుదేరాడు.

నేను కూర్చున్నచోటి నుంచే చూస్తున్నాను. పిల్లకు అల తగిలి కెవ్వుమంది. అల్లుడు నవ్వి, దాన్ని చంకనెత్తుకుని, జనంలోంచి పక్కకు నడవసాగాడు. అలలు లేనిచోటు వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. వంద అడుగుల అవతల నున్నటి పాయ ఒకటి ఉంది. దాని మీద నురగ లోపలి వైపు పోతోంది.

లేచాను. మోకాళ్లు సహకరించక పరుగులాంటి నడక నడిచాను. నేను వెళ్లేసరికి అతను మొలలోతులో ఉన్నాడు. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి కిలకిల నవ్వుతోంది.

"బాబూ, కొంచెం ఇటు వచ్చేయండి" అన్నాను.

"పర్లేదు మావయ్యగారూ, ఇక్కడ అలల్లేవు. పిల్ల భయపడట్లేదు" అన్నాడు. ఇంకో అడుగు లోపలికి వేశాడు.

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వినిపించింది. అదే మాట. అదే మర్యాద. వెనక అమ్మాయి వస్తోంది, నా భార్య వస్తోంది. సాయంత్రం తెనాలి వెళ్లే కారు గుర్తుంది, నానబోసిన పప్పు గుర్తుంది, ఇచ్చిన మాట గుర్తుంది. అన్నీ గుర్తుండగానే అరిచాను.

"ఒరేయ్! బయటికి రారా! చస్తావురా వెధవా! పిల్లని చంపుతావురా, రా బయటికి!"

బీచంతా తిరిగి చూసింది. అతను కొయ్యబారిపోయాడు. అప్పటికీ కదలకపోతే నేనే నీళ్లలో దిగి, బనీను మెడ దగ్గర పట్టుకుని, ఈడ్చుకుంటూ ఇసుక మీదికి తెచ్చాను. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నీళ్లలో ఉన్న ఆ కాసేపూ నా పాదాల కింద ఇసుక జారుతున్నట్టే అనిపించింది. అది సముద్రం లాగడమో, నా కాళ్లు వణకడమో ఇప్పటికీ చెప్పలేను.

గట్టున ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. "అల్లుడంట, పాపం" అంది ఒకావిడ.

అల్లుడు బనీను సరిచేసుకున్నాడు. ముఖం పాలిపోయింది. "నాకు ఈత రాదనుకున్నారా మావయ్యగారూ? కాలవ గట్టున పెరిగినవాణ్ణి" అన్నాడు చాలా నెమ్మదిగా.

"అతనికీ వచ్చు" అన్నాను.

"ఎవరికి?"

చెప్పాలనుకున్నాను. ఆలోగా అమ్మాయి పిల్లను ఎత్తుకుని మా ఇద్దరి మధ్యకు వచ్చింది. "చాలు నాన్నా. నడుం లోతులో ఉన్న మనిషిని మెడ పట్టి ఈడుస్తావా? ఇంతమందిలో? నువ్వింక మారవు" అంది. దాని కళ్లలో నీళ్లు లేవు. ఉన్నా బాగుండేది.

వాళ్లు అటునుంచి అటే రేపల్లె వెళ్లిపోయారు. నా భార్య పులిహోర క్యారియరు పట్టుకుని కారు వెంట నాలుగడుగులు నడిచి, కిటికీలోంచి మనవరాలి ఒళ్లో పెట్టింది. వాళ్లు వద్దనలేదు, అంతే.

తిరుగు రైల్లో ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. తిడితే బాగుండునని చూశాను. నిడుబ్రోలు వచ్చేలోపు నేనే మొత్తం చెప్పేశాను, ఆ విస్తరి దగ్గర నుంచి పంచనామా దాకా. ఆవిడ కొంగు అంచు మడతలు పెడుతూ విన్నది. "ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదండీ?" అంది. తర్వాత "అమ్మాయికి చెప్పండి" అంది.

ఇంటికి రాగానే ఫోన్ చేసి చెప్పాను. అమ్మాయి ఓపిగ్గా విన్నది. "అది వేరు, ఇది వేరు నాన్నా" అంది. "ఆయన మునగలేదు. ఆయనకేం కాలేదు."

నిజమే. ఏమీ కాలేదు. అది నిజంగా లాగేచోటు కాదేమో, నేను పొరబడ్డానేమో. ఇన్నేళ్లలో సముద్రం ఎన్నోసార్లు చోటు మార్చుకుని ఉంటుంది, నా చూపూ మందగించింది. అల్లుడికి క్షమాపణ చెప్పమని నా భార్య పోరింది. ఫోన్ చేసి, అన్న మాటలకు క్షమించమని అడిగాను. "పర్లేదండి" అన్నాడు. మావయ్యగారూ అనలేదు. అరిచినందుకు మాత్రం క్షమాపణ అడగలేదు, అడగను కూడా.

ఇది జరిగి ఐదు నెలలు. వాళ్లు రాలేదు, వస్తారని కూడా అనుకోవడం లేదు. అమ్మాయి కోసం నా భార్య చాటుగా ఏడవడం నాకు తెలుసు. నాకూ గుండె కోసినట్టుగానే ఉంటుంది. మనవరాలు మాత్రం ఆదివారం మధ్యాహ్నం తల్లి ఫోన్ తీసుకుని మాట్లాడుతుంది. బడి కబుర్లన్నీ చెబుతుంది. చివర్లో నేను ప్రతిసారీ ఒకటే అడుగుతాను.

"నాన్న ఏం చేస్తున్నాడమ్మా?"

"అన్నం తింటున్నాడు తాతయ్యా" అంటుంది.